ఎత్తుగడ

హోటలు, వంటగది మెట్ల పక్క గది
ఎండలు ముదురుతున్న రోజులు

అక్కా,

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే నువ్వు చివరిదాకా చదవవు. నా పాటలు రికార్డు చేస్తారట!

రోజూ సాయంత్రం ఈ హోటల్ భోజనాల హాల్లో పియానో వాయిస్తూ పాడుతున్నానని నీకు తెలుసుగా. నన్ను పెట్టుకున్నదే పాత పాటల కోసం. అమ్మమ్మ గ్రామఫోను పెట్టెలో తిరిగిన రకం, ఉయ్యాల ఊపుతో నడిచేవి, పెద్దవాళ్ళు చెంచా పక్కన పెట్టి కళ్ళు మూసుకునేవి. వాటి మధ్యలో నా సొంత పాటని, టిక్కెట్టు లేనివాడు రైలెక్కినట్టు, మెల్లగా ఎక్కించేస్తుంటాను. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టుకోలేదు. మొన్నొక పెద్దావిడ నా దగ్గరికొచ్చి, "ఈ పాట నా పెళ్ళికి ముందు రేడియోలో వచ్చేదమ్మా, మళ్ళీ ఇన్నాళ్ళకి విన్నాను" అని కళ్ళు తుడుచుకుంది. "అమ్మగారూ, ఇది నేను పోయిన ఆదివారం రాశానండీ" అన్నాను. "నీకేం తెలుసు, చిన్నపిల్లవి!" అని కసిరింది.

ఆవిడ నన్ను కసురుతుంటే పక్కన నిలబడి నవ్విన ఆవిడ కొడుకే రికార్డుల కంపెనీ పెద్దాయన. "నీ పాటలకి పైన వేసినవి పాతబట్టలు, లోపల ఎముకలు మాత్రం శాస్త్రీయం. ఎవరు నేర్పారు?" అన్నాడు. మా నాన్న అన్నాను. మా అక్క అని కూడా అన్నాను.

ఇక్కడి పియానోలో ఒక నల్లమెట్టు నొక్కితే మళ్ళీ పైకి లేవదు. పాడుతూ పాడుతూనే చిటికెన వేలితో దాన్ని లేపుకోవాలి. చూసేవాళ్ళు అదేదో సొగసు అనుకుంటున్నారు!

నాన్న ఉంటే ఏమనేవాడంటావ్? నీకే ముందు రాస్తున్నాను. బావతో కూడా చెప్పు.

చిన్ని

*

కళ్ళద్దాల దుకాణం మీది వాటా
ఆదివారం

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. సంతోషం. ఆ మాట ఒక్కటీ రాసి చూసుకుంటే బిక్కుబిక్కుమంటున్నట్టుంది. తోడుగా ఇంకొకటి వేస్తున్నాను: చాలా సంతోషం.

మీ బావ సంబరం చూడాలి. ఎప్పుడో పేపర్లో పడిన నీ ఫొటో కత్తిరించి, కిందున్న దుకాణం అద్దాల్లో కళ్ళజోళ్ళ మధ్య నిలబెట్టాడు. కళ్ళ పరీక్షకి వచ్చినవాళ్ళని అక్షరాలు చదవమనడం మానేసి, "అదుగో ఆ ఫొటో కనిపిస్తోందా? మా మరదలు" అంటున్నాడు. కనిపించకపోయినా కనిపిస్తోందనే అంటున్నారట.

నా సంగతులు అడగలేదు, అయినా రాస్తాను. డాన్సు స్కూల్లో టీచరమ్మ బెత్తంతో నేల మీద కొడుతుంది. నేను పియానో మీద ఎనిమిది లెక్కలు వాయించాలి. ఆగాలి. మళ్ళీ అవే ఎనిమిది. పిల్లలు కాలెత్తుతారు, దించుతారు. గదికి మూడువైపులా అద్దాలే, వాటిలో అందరి పాదాలూ కనిపిస్తాయి. నా వైపు నుంచి జడ ఒక్కటే కనిపిస్తుంది. ఒకరోజు ఆ ఎనిమిది లెక్కల చివర చిన్న మెలిక వేశాను. టీచరమ్మ బెత్తం ఆపి, "ఈరోజు ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

నాలుగో వేలికి నాన్న చెప్పిన కసరత్తు చేస్తున్నావా? చెయ్యవు. నీకు గొంతుంది గనక వేళ్ళ తప్పులు దాని వెనక దాక్కుంటాయి. నాకు అలా దాక్కునే చోటు లేకపోయింది. రికార్డులో అన్నీ వినబడతాయి, జాగ్రత్త. మంచికే చెబుతున్నాను.

నాన్న ఉంటే "తప్పుల్లేకుండా వాయించావా?" అనేవాడు. ఇంకేమనేవాడు?

అక్క

*

హోటలు
తొలివానలు

అక్కా,

దీనితోపాటు క్యాసెట్ పంపుతున్నాను. ఆరు పాటలున్నాయి గానీ, రెండోవైపు మొదటిదే అన్నిటికీ రాణి. పేరు "తడిగొడుగు". రోజూ మూడుసార్లు పాడిస్తున్నారు. వడ్డించే కుర్రాళ్ళు పళ్ళాలు చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడుతున్నారట, మేనేజరు నా మీద చిర్రుబుర్రులాడుతున్నాడు.

గుమ్మం పక్కన తడిగొడుగు
నువ్వు లేవు, నీ వాన ఉంది

అలా మొదలవుతుంది. ఆవిడ తలుపు తీసేసరికి అతను వెళ్ళిపోయాడు, గొడుగు మర్చిపోయాడు. దాన్ని ముయ్యాలా, అలాగే ఆరనివ్వాలా? అంతే పాట. కానీ మాటలకన్నా ముందు పియానో మీద ఎత్తుగడ ఉంది, అది మొదలవగానే హాలు హాలంతా సద్దుమణుగుతుంది.

ఆ ఎత్తుగడ నీకు తెలిసిందే. నాన్న లేవకముందు నువ్వు మెత్తగా వాయించుకునేదానివి చూడు, పైనుంచి మెట్టు మెట్టుగా దిగి, చివరి మెట్టు మీద అడుగు వెయ్యకుండా ఆగిపోయేది. పక్కగదిలో దుప్పట్లోంచి వినేదాన్ని. ఎవరిదని అడిగితే "పాత పుస్తకంలోది" అన్నావు. చిన్నప్పటినుంచీ నా చెవుల్లోనే ఉండిపోయింది. ఈ పాట మాటలు వచ్చిన రోజు వేళ్ళు వాటంతట అవే దాని మీదికి పోయాయి.

ఇప్పుడు చిక్కేమిటంటే, రికార్డు అట్ట మీద ఆ పాత మహానుభావుడి పేరు వెయ్యాలట. నాకు తెలీదంటే కంపెనీ పెద్దాయన నోరు తెరిచాడు. ఆయన పేరేమిటక్కా? ఆ పుస్తకం ఇంకా ఇంట్లో ఉందా? తొందరగా రాయి. అట్ట అచ్చుకి వెళ్ళాలి.

పాట ఎలా ఉందో కూడా రాయి. నిజం రాయి.

చిన్ని

*

ఇల్లు

చిన్నీ,

పేరు గుర్తులేదు. పుస్తకం లేదు.

నిజం రాయమన్నావు. ఆ ఎత్తుగడ నీ పాటకి అతకలేదు. అది ఒక దారిన పోతుంటే నీ గొంతు ఇంకో దారిన పోతోంది. తీసెయ్. అసలు ఆ పాటే రికార్డులో లేకపోతే మిగతా అయిదూ చక్కగా ఉంటాయి. మూడో పాట నాకు నచ్చింది.

పని తొందరలో ఉన్నాను. బావ క్షేమం.

అక్క

*

హోటలు
ముసురు

అక్కా,

నువ్వు చెప్పావు గనక తీసేసి చూశాను. రెండురోజులు ఎత్తుగడ లేకుండా సూటిగా మాటలతో మొదలుపెట్టాను. చెంచాల చప్పుడు ఆగలేదు. ఒకాయన సూప్ చల్లారిందని మధ్యలో కేకేశాడు. అదే పాట, అదే గొంతు. నిలబడటానికి కాళ్ళు లేనట్టు కూలబడింది.

సంగీత గ్రంథాలయానికి వెళ్ళి అక్కడి పెద్దాయనకి వాయించి వినిపించాను. ఏవేవో తిరగేసి తల అడ్డంగా ఊపాడు. కంపెనీలో పాటలకి వాయిద్యాలు కూర్చే వయొలిన్ మాస్టారు ఉన్నారు, డెబ్భై దాటిన మనిషి. ఆయనకి వినిపించాను. కళ్ళు మూసుకుని రెండుసార్లు విన్నారు.

"ఇది పోయినవాళ్ళు రాసింది కాదమ్మా" అన్నారు. "ఎవరో బతికున్నవాళ్ళే రాశారు. భయపడుతూ రాశారు. ఎడమచెయ్యి వినలేదూ? తలుపు సందులోంచి చూసి మాట్లాడుతున్నట్టు ఉంది."

అప్పటినుంచీ నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. నా పాటలు ఎన్ని విన్నావు, ఎన్ని తప్పులు పట్టావు! ఒక్కోదానికి రెండేసి పేజీలు రాసేదానివి. ఈసారి నాలుగు ముక్కలు. "పని తొందర" అట. నువ్వు పేరు మర్చిపోయేదానివి కావు. నాన్న పుస్తకాల్లో ఏ పేజీ ఎక్కడ చిరిగిందో కూడా చెప్పగలవు.

మొహమాటం లేకుండా అడుగుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పు. అక్కా, నేనంటే నీకు కుళ్ళా?

చిన్ని

*

ఇల్లు
మధ్యాహ్నం

చిన్నీ,

అవును. కుళ్ళే.

ఈ మాట రాశాక లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. మళ్ళీ కూర్చున్నాను. ఇంకా అలాగే ఉంది.

ఆ ఎత్తుగడ నాది. ఏ మహానుభావుడిదీ కాదు. నాకు పదహారేళ్ళప్పుడు ఒక పొద్దున కసరత్తు వాయిస్తుంటే నా చెయ్యి తప్పు మెట్టు మీద పడింది. వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేదు. ఆ తప్పు ఎక్కడికి వెళ్తుందో చూద్దామని దాని వెంట వెళ్ళాను. అంతలో పక్కగదిలోంచి నాన్న, "ఎవరిదది?" అన్నాడు.

పక్కవీధి హార్మోనియం ఆయన సొంత బాణీ వినిపించి వెళ్తే నాన్న ఎంతకాలం నవ్వాడో నీకు గుర్తులేదు, చిన్నదానివి. "పెద్దవాళ్ళు రాసింది సరిగ్గా వాయించడానికే ఒక జన్మ చాలదు, మధ్యలో వీడి సొంత కవిత్వమొకటి" అనేవాడు. అందుకే, "పాత పుస్తకంలోది నాన్నా" అన్నాను. నాన్న కొంచెంసేపు విని, "బాగుంది. ఎడమచెయ్యి గట్టిగా వాయించు" అన్నాడు. నాన్న నా వాయింపు విని బాగుందన్నది అదొక్కటే. అది కూడా నా పేరు మీద అనలేదు.

పోనీ, నువ్వు వాయిస్తే వాయించావు. తెలిసి చెయ్యలేదు. ఆ క్యాసెట్ రావడమే మీ బావ దుకాణంలో పెట్టాడు. పొద్దస్తమానం అదే. ఇప్పుడు కళ్ళద్దాలు తుడుస్తూ ఈల వేస్తున్నాడు, నా ఎత్తుగడని! "మా మరదలి పాట" అని వచ్చినవాళ్ళకి చెబుతున్నాడు. పెళ్ళయిన దగ్గరనుంచీ ప్రతి పొద్దునా ఈ ఇంట్లో దాన్ని నేను వాయించాను. పేపరు పేజీ తిప్పేవాడు. పెరటిచెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా? అదే బాణీ ఎక్కడో హోటల్ నుంచి, నీ గొంతు ముందు నడుచుకుంటూ వస్తే చెవికెక్కింది.

డాన్సు స్కూల్లో పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే తల్లులు, "మీరు ఆవిడకి అక్కగారట కదా! మీరు కూడా కొంచెం వాయిస్తారటగా!" అంటున్నారు. కొంచెం వాయిస్తానండీ అన్నాను.

నువ్వు అడగనిది కూడా చెబుతాను. అతకలేదన్నాను చూడు, అది అబద్ధం. నీ మాటలు ఆ బాణీ మీద ఎంత చక్కగా కూర్చున్నాయో విని నాకు ఇంకా మండింది. ఇన్నేళ్ళు నా చంకలో ఏడుస్తూ ఉన్న పిల్ల నీ ఒళ్ళోకి వెళ్ళగానే నవ్వింది. నీకు గొంతు ఉంది. మాటలు వస్తాయి. మనుషులు చెంచాలు పక్కన పెడతారు. నాకున్నది ఆ ఒక్క బాణీ. అది కూడా నీకే కావాలా?

ఇవ్వను. పేరు వేస్తానని రాస్తావు, నాకు తెలుసు. రికార్డు అట్ట మీద నా పేరు ఓ మూల చిన్న అక్షరాల్లో పడితే, అది మీ బావ కళ్ళజోడు పెట్టుకుని వెతికితే, అది కూడా నువ్వు పెట్టిన భిక్షే అవుతుంది. వద్దు. దాన్ని నీ పాటలోంచి తీసెయ్.

అక్క

*

హోటలు

అక్కా,

తీసేశాను. కంపెనీ పెద్దాయనకి, అది మా అక్క సొత్తు, ఆవిడ ఇవ్వనంది అని చెప్పాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసే రకం కాదు నేను. తెలిసుంటే ముట్టుకునేదాన్నే కాదు.

కానీ ఒక మాట. గడ్డివాము దగ్గర కుక్క సామెత విన్నావా? ఇన్నేళ్ళు దాన్ని ఏం చేశావు? పొద్దున పూట ఎవరూ వినకుండా వాయించి మూత వేశావు. నాన్న పోయాక కూడా ఎవరికీ చెప్పలేదు. బావ వినలేదని ఏడుస్తున్నావు, "ఇది నాది, వినండి" అని ఒక్కసారైనా ఆ పేపరు లాగేశావా?

కుళ్ళు నీకొక్కదానికే ఉందనుకోకు. నాన్న నీ పక్కన గంటలు గంటలు కూర్చుని వేలు వేలునా దిద్దేవాడు. నా వంతు వచ్చేసరికి గడియారం వైపు చూసేవాడు. తప్పు వాయిస్తే, "సరేలే, నువ్వు పాడుకో" అనేవాడు. నీ తప్పులకి విలువ ఉండేది. నా తప్పులు దిద్దడానికి కూడా పనికిరాలేదు. నేను పాటలు రాసుకున్నది ఎందుకనుకున్నావ్? నేను రాసినదాన్ని ఎలా వాయించాలో నాకన్నా బాగా ఎవరికీ తెలిసే వీల్లేదని!

రికార్డు సంగతి నువ్వు పట్టించుకోకు. ఇక్కడ అంతా బాగానే ఉంది.

చిన్ని

*

ఇల్లు
వానలు వెనకపట్టాయి

చిన్నీ,

నీ చివరి ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. చాలా రోజులు రాయలేదు కూడా. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మీ బావ ఫ్రేములు కొనడానికి మీ ఊరు వచ్చి వెళ్ళాడు కదా. ఇంటికి వచ్చిన దగ్గరనుంచీ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా ఆయన చేత ఒట్టెలా వేయించావే? అన్నం కంచం ముందు కూర్చోగానే అంతా కక్కేశాడు.

ఎత్తుగడ లేని "తడిగొడుగు" పనికిరాదట, అది లేకపోతే రికార్డే వద్దన్నారటగా. "అంతా బాగానే ఉంది" అని రాశావు! ఇప్పుడు హోటల్లో నీ సొంత పాటలు ఒక్కటి కూడా పాడవట. ఎవరైనా అడిగితే, "అవి మర్చిపోయానండీ" అంటున్నావట. మీ బావ వచ్చిన రోజు పాత పాటలు వాయించి, మూత వేసి, ఆ మెట్ల పక్క గదిలోకి వెళ్ళిపోయావట. "దాని మొహం చూడలేకపోయానే" అన్నాడు.

అది వినగానే నాకు ముందు కలిగింది సంతోషం. ఇది రాయకుండా మిగతాది రాస్తే మళ్ళీ అబద్ధం రాసినట్టే. ఒక గుక్కెడు కాఫీ తాగినంతసేపు హాయిగా అనిపించింది. తర్వాత అదీ చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున పియానో ముందు కూర్చుంటే నా బాణీ నాకే రాలేదు. వేళ్ళు దిగుతున్నాయి, కానీ ఆ చివరి మెట్టు దగ్గరికి వచ్చేసరికి నీ గొంతు వినబడాల్సిన చోట ఏమీ లేదు. అలా ఉత్తి గుమ్మంలో నిలబడ్డట్టు ఆగిపోయాను. మీ బావ పేపరు చదువుకుంటున్నాడు. వెళ్ళి లాగేశాను.

"ఏమైందే?"

"మీరు ఈల వేస్తారే, అది నాది."

"ఏది?"

"ఆ ఎత్తుగడ. నేను కట్టింది. రోజూ ఇక్కడే వాయిస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నీదా? మరి ఇన్నేళ్ళూ నేనేం విన్నాను?"

"పేపరు విన్నారు."

"అయితే ఇప్పుడు వాయించు" అని కుర్చీ తెచ్చుకుని పియానో పక్కన వేసుకున్నాడు. వాయించాను. దానికి రెండో సగం ఉంది, చిన్నీ. నీకు కూడా తెలీదు. నాన్న లేచే వేళకి ఎప్పుడూ సగంలోనే ఆపేసేదాన్ని, అందుకే నువ్వు విన్నది ఎప్పుడూ ఆ మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆగినచోటు నుంచి అది పైకి ఎక్కుతుంది. మొత్తం వాయించాను. కింద దుకాణం తలుపు ఎవరో తడుతున్నారు. ఆయన లేవలేదు. అయిపోయాక, "కొట్టు మూసేసి వస్తాను, బట్టలు సర్దుకో" అన్నాడు.

వస్తున్నాను. ఆ బాణీ నీకు ఇవ్వడానికి కాదు, నేను వాయించడానికి. మీ కంపెనీ పెద్దాయనతో చెప్పు: ఆ పాటలో పియానో నాది, గొంతు నీది. పేర్లు రెండూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. నాకు జనం ముందు చేతులు వణుకుతాయి గనక నేను వాయించేటప్పుడు స్టూడియో అద్దం వెనకాల నిలబడి ఎవరూ నవ్వకూడదు. ఆ పాటకి పియానో శ్రుతి చేసే మనిషిని ముందురోజే పిలిపించాలి. పాట మధ్యలో చిటికెన వేలితో మెట్లు లేపడం నా వల్ల కాదు.

కుక్క సామెత మాత్రం నేను మర్చిపోలేదు. ఎదురుపడ్డాక మాట్లాడుకుందాం.

అక్క

*

హోటలు
చలి మొదలయింది

అక్కా,

నువ్వు రైలెక్కి వెళ్ళాక ఉత్తరం రాయాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను. రాయబుద్ధి కాలేదు. ఎందుకో చెబుతాను.

ఆ రోజు నువ్వు స్టూడియోలో స్టూలు ఎత్తు సరిచేసుకోవడానికే అంతసేపు తీసుకుంటే, అద్దం వెనక ఆ మీటలు తిప్పే ఆయన ఆవలించాడు. నాకు భయం వేసింది, నువ్వు లేచి వెళ్ళిపోతావేమోనని. నువ్వు అటు చూడలేదు. ఎడమచెయ్యి వేశావు. గట్టిగా! పక్కగదిలో నిద్రపోయేవాళ్ళు ఎవరూ లేనట్టు వాయించావు.

నేను ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది. వెళ్ళిపోయింది. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. "ఏమ్మా, పాడవా?" అని అద్దం వెనకనుంచి కేకేశారు. నువ్వు అప్పుడు నన్ను చూసిన చూపు ఉంది చూడు, నాన్న చూపే. రెండోసారి నేను సరిగ్గా ఎత్తుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు, ఎంత ఆర్తి, ఎంత తడి అని. అది ఆర్తి కాదక్కా. ఒళ్ళు మంట. నా పాటకి నువ్వు ఎత్తుగడా, నీ బాణీకి నేను తోకా అనుకుంటూ పాడాను. అంత బాగా నేను ముందెప్పుడూ పాడలేదు.

రికార్డు బయటికి వచ్చింది. దీనితో పంపుతున్నాను. రెండు పేర్లూ ఒకే సైజులో ఉన్నాయి, స్కేలు పెట్టి కొలుచుకోమను బావని. రేడియోలో వేస్తున్నారు. పేపర్లో పాటల గురించి రాసే ఆయన నా గొంతు గురించి ఒక్క ముక్క రాసి, పియానో గురించి పేరా రాశాడు. దాన్ని కత్తిరించి పంపుదామనుకున్నాను. చెత్తబుట్టలో వేశాను. తర్వాత బుట్టలోంచి తీశాను. నలిగి ఉంటుంది, ఏమనుకోకు.

ఇప్పుడు అసలుది. వయొలిన్ మాస్టారు పోయిన వారం నన్ను పక్కకి పిలిచి, "మీ అక్కయ్య దగ్గర ఇలాంటివి ఇంకా ఉన్నాయేమో అడుగు. ఉంటే గొంతు లేకుండా వట్టి పియానోతోనే ఒక రికార్డు వేద్దాం. పెద్దాయన ఒప్పుకున్నాడు" అన్నారు. గొంతు లేకుండా అట! ఆ మాట నాలుక కింద పెట్టుకుని తిరిగాను. రోజూ మాస్టారు, "రాశావా?" అంటారు. రోజూ "రాశానండీ" అంటాను. ఈరోజు ఆయన, "అయితే ఇంకా జవాబు రాలేదా? పాపం, మీ అక్కయ్యకి ఇష్టం లేదేమో" అన్నారు. ఆ "పాపం" భరించలేకపోయాను. నీ మీద జాలి పడే అర్హత ఈ ఊళ్ళో ఎవడికీ లేదు.

అందుకని రాస్తున్నాను. వచ్చి వాయించు. నాకు ఇష్టం లేదు. వచ్చి తీరు.

చిన్ని

*

కళ్ళద్దాల దుకాణం మీది వాటా
పొద్దున

చిన్నీ,

నీ ఉత్తరం చూసి నవ్వానా, ఏడ్చానా అని మీ బావని అడుగు. నాకు గుర్తులేదు. పేపరు ముక్క ఇస్త్రీ చేశాను.

డాన్సు స్కూల్లో సెలవు అడిగితే టీచరమ్మ, "నువ్వు వెళ్తే పిల్లలకి ఎనిమిది లెక్కలు ఎవరు వాయిస్తారు?" అంది. పెద్ద క్లాసు అమ్మాయిల్లో ఇద్దరికి పియానో వచ్చు, వాళ్ళకి నేర్పి వెళ్తానన్నాను. "నీలా వాయించగలరా?" అంది. ఇన్నేళ్ళలో మొదటిసారి. నోరు జారిందని తెలిసి వెంటనే బెత్తంతో నేల మీద రెండు దెబ్బలు వేసింది.

మాస్టారితో చెప్పు, నా దగ్గర నాలుగున్నాయి. ఇన్నాళ్ళూ వాటిని బాణీలనే అనుకోలేదు, చేతులు ఊరుకోక చేసినవి అనుకున్నాను. రెండు వారాల్లో వస్తాను. ఈసారి మీ బావ కొట్టు మూయడట, ఫొటో పక్కన రికార్డు అట్ట పెట్టి దాన్ని చూసుకుంటూ కూర్చుంటాడట.

అయిదోది కూడా ఒకటి ఉంది. అది మాస్టారికి ఇవ్వను. మీ స్టూడియో నుంచి వచ్చిన వారానికే మొదలయింది. సగం దాకా బాగానే నడుస్తుంది, అక్కడ ఆగి ఎవరో వచ్చి మాట్లాడాలన్నట్టు చూస్తుంది. నేనే పాడి చూశాను. మీ బావ కిందనుంచి పరిగెత్తుకొచ్చి, "ఏమైంది, పడ్డావా?" అన్నాడు. మాటలు రాసి చూశాను, చించేశాను. నాకు రావు. నీకు స్నానం చేస్తుంటే కూడా వస్తాయి. దాని మీద నా కుళ్ళు ఎక్కడికీ పోలేదు. పోతుందన్న ఆశ కూడా లేదు, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు దానికీ ఓ చోటు చూపించి బతకాలి.

బాణీ కాయితం మీద గీసి దీనితో పంపుతున్నాను. ఎడమచెయ్యి భాగం జాగ్రత్తగా చూడు. నీ నాలుగో వేలికి పని ఉంది.

మాటలు రాయి. బాగా రాయి, చిన్నీ.

మరీ బాగా రాయకు.

అక్క